భారత బాలికల ఫుట్‌బాల్ జట్టు (17 ఏళ్ళ లోపు)

భారత 17 ఏళ్ళ లోపు బాలికల ఫుట్‌బాల్ జట్టు అంతర్జాతీయ పోటీలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించే జాతీయ జట్లలో ఒకటి. దీని ఎంపిక, శిక్షణ, నిర్వహణ బాధ్యతలు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు చెందినవి. ఈ జట్టు 2022 అక్టోబరులో స్వదేశంలో జరిగిన ఫిఫా ప్రపంచ కప్పులో పాల్గొన్నది. మహిళల ఫుట్‌బాల్‌లో ఏ స్థాయిలోనైనా భారత జట్టు ప్రపంచ కప్పు ఆడటం అదే మొదటిసారి. ఆ పోటీలలో ఆడిన మూడు మ్యాచ్‌లలోను ఓడిపోయి, ఒక్క గోలు కూడా చేయలేకపోయింది. మూడేళ్ళ తరువాత, 2025 అక్టోబరులో, అర్హత పోటీలలో గెలిచి 2026 ఆసియా కప్పులో స్థానం సంపాదించినది. ఆతిథ్య దేశంగా వచ్చిన అవకాశానికి, ఆడి గెలుచుకున్న అవకాశానికి గల తేడా ఈ జట్టు చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

వయోపరిమితి

"17 ఏళ్ళ లోపు" అనే మాటను చాలామంది పోటీ జరిగే రోజునాటికి 17 ఏళ్ళు నిండనివారు అని అర్థం చేసుకుంటారు. వాస్తవానికి లెక్క పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. పోటీ జరిగే సంవత్సరం నుండి 17 తీసివేయగా వచ్చిన సంవత్సరంలో జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు అర్హులు. 2022 పోటీలకు 2005 జనవరి 1 నుండి, 2026 పోటీలకు 2009 జనవరి 1 నుండి పుట్టినవారు అర్హులు. కనుక జనవరిలో పుట్టిన బాలికకు, అదే సంవత్సరం డిసెంబరులో పుట్టిన బాలికకు ఒకే అర్హత ఉన్నా, వయసులో దాదాపు ఒక ఏడాది తేడా ఉంటుంది. ఎదిగే వయసులో ఆ ఏడాది తేడా ఒడ్డు, పొడవు, బలం అన్నింటిలోను కనిపిస్తుంది.

ఈ నిబంధన వలన వయో పరిమితి గల జట్టులో ఆటగాళ్ళు నిలకడగా ఉండరు. పెద్దల జట్టులో ఒక క్రీడాకారిణి పది పన్నెండేళ్ళు ఆడవచ్చు. ఈ జట్టులో రెండు మూడేళ్ళకే వయసు దాటిపోతుంది. పోటీ ఒక ఏడాది వాయిదా పడితే చాలు, కొందరు ఆ అవకాశాన్ని శాశ్వతంగా కోల్పోతారు. భారత బాలికల విషయంలో సరిగ్గా ఇదే జరిగినది.

ప్రపంచ కప్పు పోటీలు

17 ఏళ్ళ లోపు బాలికల ప్రపంచ కప్పును ఫిఫా 2008లో న్యూజీలాండ్‌లో ప్రారంభించినది. తొలి విజేత ఉత్తర కొరియా. ఆ తరువాత 2010లో దక్షిణ కొరియా, 2012లో ఫ్రాన్స్, 2014లో జపాన్, 2016లో తిరిగి ఉత్తర కొరియా, 2018లోను 2022లోను స్పెయిన్, 2024లోను 2025లోను ఉత్తర కొరియా విజేతలుగా నిలిచినవి. తొలి తొమ్మిది విజయాలలో ఆరింటిని ఆసియా దేశాలే గెలుచుకోవటం గమనార్హం. ఆసియా నుండి అర్హత పొందటం ఎంత కష్టమో దీనిని బట్టి తెలుస్తుంది. 2024 వరకు 16 జట్లతో రెండేళ్ళకొకసారి జరిగిన ఈ పోటీలు 2025 నుండి 24 జట్లతో ఏటా జరిగే విధంగా మారినవి. 2025 నుండి 2029 వరకు ఆతిథ్యం మొరాకోకు అప్పగించబడినది.

రద్దయిన 2020 పోటీలు

2020 నాటి ప్రపంచ కప్పు నిర్వహణ భారతదేశానికి లభించినది. ఆతిథ్య దేశం కనుక అర్హత పోటీలు ఆడనవసరం లేకుండానే భారత జట్టుకు ప్రవేశం దక్కినది. 2020 నవంబరులో జరగవలసిన ఈ పోటీలు కోవిడ్-19 మహమ్మారి కారణంగా 2021 ఫిబ్రవరి-మార్చి నెలలకు వాయిదా పడినవి. చివరకు 2020 నవంబరులో ఫిఫా వాటిని పూర్తిగా రద్దు చేసి, 2022 పోటీల ఆతిథ్యాన్ని భారతదేశానికే ఇచ్చినది.

దేశానికి ఆతిథ్యం తిరిగి దక్కినది గాని, ఆటగాళ్ళందరికీ అవకాశం తిరిగి దక్కలేదు. 2020 పోటీలకు 2003 జనవరి నుండి పుట్టినవారు అర్హులు. వారిలో 2003, 2004 సంవత్సరాలలో పుట్టిన బాలికలు 2022 నాటికి వయోపరిమితి దాటిపోయారు. ఇల్లు, బడి విడిచి శిబిరాలలో శిక్షణ పొందిన ఈ బాలికలకు ఏ మ్యాచ్ ఆడకుండానే ప్రపంచ కప్పు ముగిసినది. 2022 కొరకు జట్టును దాదాపు మొదటి నుండి తయారు చేయవలసి వచ్చినది.

2022 ఆగస్టు నిషేధం

కొత్త జట్టు శిక్షణలో ఉండగా మరొక ఆటంకం ఎదురైనది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు సకాలంలో ఎన్నికలు జరగనందున, 2022 మే 18న సర్వోన్నత న్యాయస్థానం సమాఖ్య వ్యవహారాలను ఒక పాలకుల సంఘానికి అప్పగించినది. సభ్య సమాఖ్యల నిర్వహణలో బయటివారి జోక్యాన్ని ఫిఫా నిబంధనలు అంగీకరించవు. ఈ కారణంగా ఫిఫా 2022 ఆగస్టు 15న భారత సమాఖ్యను నిషేధించినది. ప్రపంచ కప్పు ప్రారంభానికి అప్పటికి రెండు నెలల వ్యవధి కూడా లేదు. నిషేధం కొనసాగితే పోటీలు మరొక దేశానికి తరలిపోవటమే కాక, భారత బాలికలు అసలు ఆడే వీలే ఉండేది కాదు. ఆసియా క్లబ్ పోటీల కొరకు ఉజ్బెకిస్తాన్ చేరుకున్న గోకులం కేరళ మహిళల జట్టు ఈ నిషేధం వలననే ఆడకుండా వెనుదిరిగినది.

ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానం పాలకుల సంఘాన్ని రద్దు చేసినది. ఆగస్టు 26న ఫిఫా నిషేధాన్ని ఎత్తివేసినది. సెప్టెంబరు 2న జరిగిన ఎన్నికలలో కళ్యాణ్ చౌబే సమాఖ్య అధ్యక్షునిగా ఎన్నికైనాడు.

అదే సంవత్సరం ఐరోపా పర్యటన సమయంలో లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణపై ఒక సహాయ శిక్షకుని తొలగించటం కూడా జరిగినది. ఆడపిల్లలను దూర ప్రాంతాల శిబిరాలకు పంపే తల్లిదండ్రులకు ఆట కంటె ముందుగా భద్రతే ముఖ్యమని ఈ సంఘటన గుర్తు చేసినది.

2022 జట్టు

స్వీడన్‌కు చెందిన థామస్ డెనర్బీ జట్టు ప్రధాన శిక్షకుడు. సన్నాహాలలో భాగంగా జట్టు ఇటలీ, నార్వే, స్పెయిన్ దేశాలలో పర్యటించినది. జార్ఖండ్ రాష్ట్రం గుమ్లా జిల్లాకు చెందిన అస్తం ఉరాఁవ్ కెప్టెన్‌గా వ్యవహరించినది. 21 మంది సభ్యులలో సగానికి మించి మణిపూర్, జార్ఖండ్ రాష్ట్రాలవారే. జార్ఖండ్ నుండి ఎంపికైన ఆరుగురిలో అధికులు గిరిజన, పేద కుటుంబాలకు చెందినవారు. ప్రపంచ కప్పు సమయంలో కెప్టెన్ ఊరికి ప్రభుత్వం రోడ్డు వేయిస్తుండగా, ఆ పనిలో ఆమె తల్లిదండ్రులే దినకూలీలుగా ఉన్నారని పత్రికలు వ్రాసినవి.

పోటీల ఫలితాలు

2022 ప్రపంచ కప్పు అక్టోబరు 11 నుండి 30 వరకు భువనేశ్వర్, మడ్‌గావ్, నవీ ముంబై నగరాలలో జరిగినది. పోటీల చిహ్నం "ఇభ" అనే ఆడ సింహం. భారత జట్టు గ్రూపు-ఏ లో అమెరికా, మొరాకో, బ్రెజిల్ జట్లతో కలిసి ఉన్నది. భారత జట్టు మ్యాచ్‌లు మూడూ భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలోనే జరిగినవి.

- అక్టోబరు 11: భారత్ 0 - అమెరికా 8
- అక్టోబరు 14: భారత్ 0 - మొరాకో 3
- అక్టోబరు 17: భారత్ 0 - బ్రెజిల్ 5

తొలి మ్యాచ్‌లో విరామానికే అమెరికా అయిదు గోళ్ళు చేసినది. రెండవ మ్యాచ్‌లో భారత జట్టు తేరుకొని విరామం వరకు మొరాకోకు ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. రెండవ సగం మొదట్లో వచ్చిన పెనాల్టీతో ఆట మలుపు తిరిగినది. మూడవ మ్యాచ్‌లో విరామ సమయానికి బ్రెజిల్ ఆధిక్యం రెండు గోళ్ళు మాత్రమే. మూడు మ్యాచ్‌లలో కలిపి భారత్ 16 గోళ్ళు సమర్పించుకొని గ్రూపులో చివరి స్థానంలో నిలిచినది. 2017లో స్వదేశంలో జరిగిన బాలుర ప్రపంచ కప్పులో కొలంబియాపై జీక్సన్ సింగ్ చేసిన గోలు వంటిది ఒక్కటైనా బాలికలకు దక్కలేదు.

అక్టోబరు 30న నవీ ముంబైలో జరిగిన తుదిపోటీలో స్పెయిన్ 1-0 తేడాతో కొలంబియాపై గెలిచినది. ఆ ఒక్క గోలు కూడా కొలంబియా క్రీడాకారిణి పొరపాటున చేసిన సెల్ఫ్ గోలు. మూడవ స్థానం కొరకు జరిగిన మ్యాచ్‌లో నైజీరియా పెనాల్టీ షూటౌట్‌లో జర్మనీని ఓడించినది.

ఓటమికి కారణాలు

ఈ ఓటమిని బాలికల అశక్తతగా భావించటం సరికాదు. అదే పోటీలలో భారత్ వలెనే మొదటిసారి ఆడిన టాంజానియా క్వార్టర్ ఫైనల్ వరకు చేరినది. కాని టాంజానియా ఆఫ్రికా అర్హత పోటీలలో గెలిచి వచ్చిన జట్టు. భారత్ ఆతిథ్య దేశం హోదాలో వచ్చిన జట్టు. అర్హత పోటీలలో ఆడిన ప్రతి మ్యాచ్ ఒక పాఠం. ఒత్తిడిలో బంతిని నిలుపుకోవటం, వెనుకబడినప్పుడు కుంగిపోకుండా ఆడటం, చివరి పది నిమిషాలు కాళ్ళు సహకరించనప్పుడు కూడా స్థానం విడువకపోవటం వంటివి శిబిరంలో చెబితే వచ్చేవి కావు. వాటిని మ్యాచ్‌లే నేర్పాలి.

కోవిడ్ సమయంలో దేశంలో వయో పరిమితి పోటీలు స్తంభించినవి. 11 నుండి 15 ఏళ్ళ వయసులో క్రమంగా మ్యాచ్‌లు ఆడవలసిన బాలికలు ఆ కాలమంతా ఇళ్ళకే పరిమితమయ్యారు. ఆ లోటును కొన్ని నెలల శిబిరంతోను, విదేశీ పర్యటనలతోను పూడ్చటం సాధ్యం కాలేదు.

దక్షిణాసియా పోటీలు

దక్షిణాసియా స్థాయిలో భారత బాలికలకు మంచి చరిత్రే ఉన్నది. దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహించే ఈ పోటీల వయోపరిమితి 15, 16, 17 ఏళ్ళుగా మారుతూ వచ్చినది. 2017లో ఢాకాలో జరిగిన తుదిపోటీలో బంగ్లాదేశ్ 1-0 తేడాతో భారత్‌ను ఓడించినది. 2018లో భూటాన్‌లో భారత్ అదే తేడాతో బంగ్లాదేశ్‌పై గెలిచినది. 2019లో, తిరిగి భూటాన్‌లోనే, పెనాల్టీ షూటౌట్‌లో బంగ్లాదేశ్‌పై గెలిచి కప్పు నిలుపుకున్నది. 2024లో నేపాల్‌లో జరిగిన తుదిపోటీలో బంగ్లాదేశ్ షూటౌట్‌లో గెలిచినది. 2025 ఆగస్టులో థింపూలో జరిగిన పోటీలలో భారత్ విజేతగా నిలిచినది. బంగ్లాదేశ్‌తో ఇన్నిసార్లు హోరాహోరీగా తలపడటం రెండు జట్లకూ మేలు చేసినది.

2025 అర్హత విజయం

2026 ఆసియా కప్పు అర్హత పోటీలు 2025 అక్టోబరులో కిర్గిజిస్తాన్ రాజధాని బిష్కెక్‌లో జరిగినవి. అప్పటి శిక్షకుడు స్వీడన్‌కు చెందిన జోయాకిమ్ అలెగ్జాండర్సన్. భారత జట్టు మొదట ఆతిథ్య కిర్గిజిస్తాన్‌పై గెలిచినది. అక్టోబరు 17న ఉజ్బెకిస్తాన్‌తో ఆడిన మ్యాచ్‌లో మొదట ఒక గోలు వెనుకబడినది. రెండవ సగంలో తండామణి బాస్కే, అనుష్క కుమారి చెరొక గోలు చేయగా 2-1తో గెలిచి, చైనాలో జరిగే ఆసియా కప్పుకు అర్హత పొందినది. 2005లో దక్షిణ కొరియాలో జరిగిన తొలి ఆసియా పోటీలలో భారత్ పాల్గొన్నది కాని, అప్పుడు అర్హత పోటీలు లేవు. అర్హత పోటీలలో గెలిచి ఈ స్థాయికి చేరటం ఇదే ప్రథమం. మొదట వెనుకబడిన మ్యాచ్‌ను తిరిగి గెలుచుకోవటం 2022 నాటి జట్టుకు సాధ్యం కాని పని.

అదే 2025 సంవత్సరంలో 20 ఏళ్ళ లోపు జట్టు మయన్మార్‌లోను, పెద్దల జట్టు థాయిలాండ్‌లోను అర్హత పోటీలలో గెలిచి తమ తమ ఆసియా కప్పులకు చేరుకున్నవి.

తెలుగు రాష్ట్రాల స్థానం

ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌లో హైదరాబాదుకు అగ్రస్థానం ఉండేది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత పురుషుల జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం సాధించినది. ఆ వైభవం బాలికల ఆటకు విస్తరించలేదు. 2022 ప్రపంచ కప్పు ఆడిన 21 మందిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారు ఒక్కరూ లేరు.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదని గుగులోతు సౌమ్య నిరూపించినది. నిజామాబాదు జిల్లాకు చెందిన గిరిజన కుటుంబంలో 2001లో జన్మించిన ఈమె, 2021లో భారత పెద్దల జట్టులో స్థానం పొందినది. 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ క్లబ్బు తరఫున ఆడినది. తరువాత ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి 2024-25 భారత మహిళల లీగ్ గెలిచిన జట్టులో సభ్యురాలైనది. అదే సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసినది. వయసు లెక్క ప్రకారం ఆమె 2018 ప్రపంచ కప్పుకు అర్హురాలే. కాని ఆ ఏడు భారత జట్టుకు అర్హత లేదు. భారత్‌కు ఆతిథ్యం దక్కేసరికి ఆమె వయసు దాటిపోయినది.

ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురంలోని గ్రామీణ అభివృద్ధి ట్రస్టు క్రీడా గ్రామం గ్రామీణ బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పే కేంద్రాలలో పేర్కొనదగినది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

పూర్వపు నల్గొండ జిల్లాలోని ఈ మూడు పట్టణాలలో 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలోను, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోను ఉన్నవి. ఈ ప్రాంతంలో ఆడపిల్లల ఆటలంటే ముందుగా కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ గుర్తుకు వస్తాయి. కబడ్డీపై ఇక్కడివారికి గల మక్కువ 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభానికి వేలాదిగా తరలివచ్చిన జనాన్ని బట్టి తెలుస్తుంది. ఆ రోజు తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కూలి సుమారు వందమంది గాయపడ్డారు. ఆటను ఆదరించే జనానికి ఇక్కడ కొరత లేదు. కొరత ఉన్నది స్థిరమైన వసతులకే.

మణిపూర్, జార్ఖండ్ బాలికలకు, ఇక్కడి బాలికలకు పరుగులోను, దమ్ములోను పుట్టుకతో వచ్చిన తేడా ఏమీ లేదు. మిర్యాలగూడ పరిసరాలలోని దామరచర్ల వంటి మండలాలలో గిరిజన తండాలు అనేకం కలవు. సౌమ్య కూడా అటువంటి కుటుంబం నుండి వచ్చినదే. తేడా అల్లా బంతి కాలికి ఎప్పుడు తగిలినది అన్నదే.

ఒక బాలిక జాతీయ జట్టుకు చేరే క్రమం ఈ విధంగా ఉంటుంది. మొదట పాఠశాల జట్టు. తరువాత పాఠశాల క్రీడా సమాఖ్య నిర్వహించే మండల, జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలు. సుబ్రతో కప్ పోటీలలో కూడా బాలికల విభాగం కలదు. అక్కడ రాణించినవారు రాష్ట్ర జట్టు తరఫున సబ్ జూనియర్, జూనియర్ జాతీయ పోటీలలో ఆడుతారు. జాతీయ శిబిరానికి ఎంపిక ఈ పోటీలను బట్టి జరుగుతుంది. నాలుగవ తరగతిలోనే ప్రవేశం కల్పించే హకీంపేట క్రీడా పాఠశాల వంటివి మరొక మార్గం.

ఈ క్రమంలో మొదటి మెట్టే ఇక్కడ బలహీనం. పూర్తి జట్టుకు 11 మంది కావాలి. ఎదురు జట్టుకు మరో 11 మంది కావాలి. అంతర్జాతీయ మైదానం 100 నుండి 110 మీటర్ల పొడవు, 64 నుండి 75 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత స్థలం ఉన్న పాఠశాలలు అరుదు. కాని చిన్న పిల్లలకు అంత స్థలం అవసరం లేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు వాలీబాల్ కోర్టు కంటె కొంచెం పెద్ద స్థలంలో అయిదుగురేసి చొప్పున, నాలుగవ నంబరు చిన్న బంతితో ఆడవచ్చు. ఇలా ఆడినప్పుడు ఒక్కొక్కరికి బంతి ఎక్కువసార్లు అందుతుంది. బంతిపై అదుపు ఈ వయసులోనే వస్తుంది.

ప్రయాణం రెండవ ఇబ్బంది. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నా, రాష్ట్రస్థాయి ఎంపికలకు హైదరాబాదు చేరాలంటే సూర్యాపేట నుండి సుమారు 135 కి.మీ. ప్రయాణించాలి. కోదాడ ఇంకా దూరం. మిర్యాలగూడకు సికింద్రాబాదు-గుంటూరు రైలు మార్గం ఉన్నది. ఎంపికకు వెళ్ళే ఆడపిల్ల వెంట పెద్దవారొకరు వెళ్ళవలసి ఉంటుంది. కూలి పని మానుకొని వెళ్ళేవారికి అది రెండు రోజుల ఆదాయం. ఈ ఖర్చును, తోడును పాఠశాల గాని, జిల్లా సంఘం గాని భరించిన చోటనే పేద బాలికలు ముందుకు రాగలుగుతారు. పదవ తరగతి పరీక్షల వత్తిడి కూడా సరిగ్గా ఇదే వయసులో వస్తుంది.

వయసు లెక్కను ఇక్కడి బాలికలకు అన్వయిస్తే విషయం తేటపడుతుంది. 2030లో 17 ఏళ్ళ లోపు జట్టులో ఆడదగినవారు 2013లో గాని, ఆ తరువాత గాని పుట్టి ఉండాలి. అంటే 2025-26 విద్యా సంవత్సరంలో వీరు ఏడవ తరగతిలోనో, అంతకు క్రింది తరగతులలోనో చదువుతున్న పిల్లలు. 2030లో ఎంపిక జరిగేనాటికి మొదలుపెట్టే శిక్షణ వీరికి ఉపయోగపడదు. బిష్కెక్‌లో గెలిచిన జట్టుకు దారి చూపినవి బాల్యం నుండి ఆడిన మ్యాచ్‌లే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠశాలలలో బాలికలకు సాయంత్రం ఒక గంట మైదానం, ఒక బంతి, నెలకొక మ్యాచ్ దొరికితే ఆ దారి ఇక్కడ కూడా మొదలవుతుంది.